కూత లేని చెడుగుడు

మా వస్తాదు పోయాడన్న కబురు తెచ్చినవాడు వాకిట్లోంచి నన్ను పేరు పెట్టి అరిచేసరికి, నేను ముందు వెనక తలుపు వైపు చూశాను. రెండేళ్ళుగా అంతే. ఎవరు గట్టిగా పిలిచినా ముందు పారిపోయే దారి చూసుకుంటాను, తర్వాతే విషయం వింటాను. విన్నాక అరుగు మీద కూలబడ్డాను.

సిద్దిపేటలో మా వాడకట్టు పిల్లలకు చెడుగుడు నేర్పింది ఆయనే. నేతపని ఆయనది. తెల్లవారుజామున మాకు ఆట నేర్పి, పొద్దంతా మగ్గం గుంటలో కూర్చునేవాడు. ఆటకు ముందు మమ్మల్ని వరుసగా నిలబెట్టి గోళ్ళు చూసేవాడు. పెరిగితే ఆ పూట ఆట లేదు. "గోరుతోని గీరి గెలిస్తె గది గెలుపా? పిల్లి గూడ గీరుతది" అనేవాడు. ఆట అయ్యాక తువ్వాలలో మూటగట్టి తెచ్చిన నానిన శనగలు తలా పిడికెడు పెట్టి, ఒక్కొక్కరినీ ఇంటిదాకా దిగబెట్టేవాడు. "నీ కొడుకును ఒప్పజెప్పిన, సూస్కో అక్కా" అని మా అవ్వకు చెప్పాకే కదిలేవాడు.

ఆ అప్పగింత ఊరికే కాదు. నిజాం రాజ్యం ఆఖరి రోజులవి. నలుగురు ఒకచోట చేరితే ఎవరో ఒకరు పోయి చెప్పేవాళ్ళు. నిజాం మీద తిరగబడ్డ సంఘంలో ఉన్నారన్న అనుమానంతో పట్టుకుపోయిన పడుచువాళ్ళలో తిరిగిరానివాళ్ళున్నారు. ఆట మానమని మా అవ్వ ఏడ్చేది. నాకూ మానాలనే ఉండేది, వస్తాదు మొహం చూసి చెప్పలేకపోయేవాణ్ణి.

ఉపాయం ఆయనే చేశాడు. ఆటను తొగుట ఊరికి పోయే తోవ పక్కనున్న బీడుకు మార్చి, "కూత లోపట్నే పెట్టున్రి. సప్పుడు బయటికి రావద్దు" అన్నాడు. మరి దమ్ము విడిచిందీ లేనిదీ తెలిసేదెట్లా? కూతకు వెళ్ళేవాడి వీపు మీద అరచెయ్యి ఆనించి, వాడితోపాటే తనూ ఉరికేవాడు. ఊపిరి తీస్తే చేతికి తెలిసేది. "ఇడిసినవ్ బిడ్డా, బయటికి నడు" అనేవాడు గుసగుసగా. యాభై దాటిన మనిషి అట్లా మా వీపులు పట్టుకుని పరిగెత్తుతుంటే నవ్వొచ్చేది. ఆ నవ్వు కూడా లోపలే నవ్వుకునేవాళ్ళం.

ఆ ఉపాయమే మా కొంప ముంచింది. ఒకనాటి పొద్దున గుర్రాల మీద నిజాం తుపాకులవాళ్ళు వచ్చి మమ్మల్ని చుట్టుముట్టారు.

"ఏం జేస్తున్రురా ఈడ?" అన్నాడు వాళ్ళ పెద్ద.

"చెడుగుడు ఆడుతున్నరు దొరా" అన్నాడు వస్తాదు.

"సప్పుడు లేని చెడుగుడు ఏడనన్న ఉంటదా? కవాతు నేర్పుతున్నవ్!"

వస్తాదు నా వైపు తిరిగాడు. మాలో పెద్ద గొంతు నాదే. "కూత పెట్టు బిడ్డా" అన్నాడు.

నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. నా ఒక్క కూత మీద పదిమంది ప్రాణాలున్నాయని తెలుసు. అయినా కూత రాలేదు. తుపాకీ ఒకటి నా వైపు లేచింది.

అప్పుడు వినబడింది, "చెడుగుడు చెడుగుడు చెడుగుడు" అని. వస్తాదే గీత దాటి మా మీదికి ఉరికాడు. ఒకణ్ణి తాకి, ఇంకొకణ్ణి తాకి, మావాడొకడు అలవాటుకొద్దీ కాలు పట్టబోతే విదిలించుకుని, కూత తెగకుండా గీత చేరుకున్నాడు. గుర్రాల మీదివాళ్ళు పగలబడి నవ్వి, మమ్మల్ని పొమ్మన్నారు. పోతూ పోతూ ఆ పెద్ద తుపాకీ మడమతో ఆయన ఛాతీ మీద ఒక్కటి పొడిచాడు, ఊరికే.

ఆ దెబ్బతో ఆయనకు మళ్ళీ దమ్ము నిలవలేదు. ఆ రాజ్యం పోయింది, మేం గట్టిగా కూత పెట్టి ఆడుకున్నాం. ఆయన గట్టు మీద కూర్చుని దగ్గుతూ చూసేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అననందుకే ఆయనకు ఎదురుపడాలంటే భయపడేవాణ్ణి.

పోయిన నెల పిలిపించాడు. నులక మంచంలో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర కూర్చుని, ఇన్నాళ్ళూ లోపల దాచుకున్న మాట చెప్పేశాను. "ఆ పొద్దు నేను కూత పెడితె నీకు గీ దెబ్బ తాకకపోవు వస్తాదూ."

"నేనేమన్న ధైర్యంతోని పోయిననుకున్నవా?" అన్నాడు. "నిలవడితె నా మోకాళ్ళు వణుకుడు మీ కండ్ల వడుతదని ఉరికిన. గది సూస్తె మీరు పారిపోదురు. పారిపోతె వాండ్లు కాలుద్దురు."

దుప్పటి కింద ఆ మోకాళ్ళు అప్పుడూ వణుకుతున్నాయి. జ్వరమో, ఆనాటి భయమో నేను అడగలేదు. రెండు చేతులూ వాటి మీద ఆనించి, అవి ఆగేదాకా కూర్చున్నాను.