మా ఆయనకు పడిన నల్ల పాచిక

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఒక చెక్క పాచికంత ఉంటుంది. గుప్పిట్లో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. అయినా పడుకుంటే గుండెల మీద, లేస్తే నెత్తి మీద అదే. పక్కనే గురక పెట్టి పడుకునే మనిషికి చెప్పలేను. ఫోన్లో మా అక్కకు చెబితే సాయంత్రానికి చుట్టాలందరికీ చేరుతుంది. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇంతకన్నా నమ్మకమైన బంధుత్వం ఎక్కడ దొరుకుతుంది?

తిన్నగా అసలు సంగతికి రాలేకపోతున్నాను. ముందు ఆ సంఘం గురించి చెప్పనివ్వండి. అది తెలిస్తే తప్ప నేను చేసింది ఎంత తప్పో తెలియదు. లేక ఇది ఆలస్యం చెయ్యడానికి నేను వెతుక్కున్న సాకా? కావచ్చు.

మేముండేది అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో. నేను మందుల కంపెనీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. ల్యాబులో నా పక్క బల్ల ఇలోనాది. వాళ్ళది తాతల కాలంలో హంగరీ నుంచి వచ్చిన కుటుంబం. అప్పట్లో గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే హంగరీ వాళ్ళ ప్రాణాలకు ఇన్సూరెన్స్ ఇచ్చే నాథుడే లేడట. మనిషి పోతే పాతిపెట్టడానికి చందాలెత్తేవారట. అందుకని వాళ్ళలో వాళ్ళే ఒక బీమా సంఘం పెట్టుకున్నారు. అది ఇప్పటికీ నడుస్తోంది, ఇప్పుడు ఎవరైనా పాలసీ తీసుకోవచ్చు. మా వైపు బ్రాంచికి ఇలోనా కార్యదర్శి. ఆవిడ మాట తీసెయ్యలేక నేనొక చిన్న పాలసీ తీసుకున్నాను.

ఆ సంఘానికి యజమాని అంటూ ఎవరూ లేరు. పాలసీ ఉన్నవాళ్ళే యజమానులు. ప్రతి బ్రాంచికీ ఒక అధ్యక్షుడు, కార్యదర్శి, నెలనెలా మీటింగు. బ్రాంచిలు ప్రతినిధులను ఎన్నుకుంటాయి. కొన్నేళ్ళకొకసారి ఆ ప్రతినిధులంతా ఒక హోటల్లో చేరి పైవాళ్ళను ఎన్నుకుంటారు. మా బ్రాంచి మీటింగు ఒక పాత చర్చి బేస్‌మెంట్‌లో జరిగేది. వచ్చేది పది పన్నెండు మంది, అందరికీ మోకాళ్ళ నొప్పులే. కానీ పార్లమెంటు కూడా అంత పద్ధతిగా నడవదు. పేపర్ నేప్‌కిన్లు కొనాలన్నా ఒకరు తీర్మానం పెట్టాలి, ఇంకొకరు బలపరచాలి, అధ్యక్షుడు "ఎవరైనా వ్యతిరేకమా?" అని అడిగి చెక్క సుత్తితో బల్ల మీద కొట్టాలి. ఒకరినొకరు బ్రదర్, సిస్టర్ అనే పిలుచుకోవాలి. సభ్యులకు జబ్బు చేస్తే ఇద్దరు వెళ్ళి చూసి వచ్చి రిపోర్టు చదవాలి. నాకొకసారి జలుబు చేస్తే ఇద్దరు ముసలమ్మలు సూపు గిన్నెతో వచ్చి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, తరవాతి మీటింగులో "సిస్టర్ కోలుకుంటోంది, ఇల్లు శుభ్రంగా ఉంది" అని చదివారు. మినిట్స్‌లోకి కూడా ఎక్కింది.

నాకు అక్కడ ఎంత బాగుండేదో ఎలా చెప్పను? చెయ్యెత్తితే మాట్లాడనిచ్చేవారు. మధ్యలో ఎవరైనా నోరు తెరిస్తే అధ్యక్షుడు సుత్తి కొట్టేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా వాక్యం ఒకటి చివరిదాకా వెళ్ళడం నేను అక్కడే చూశాను.

మా ఆయన మంచివారు. ఇది ముందే చెప్పాల్సింది. చెడ్డవారైతే నాకింత బాధ ఉండేది కాదు. ఇక్కడి తెలుగు సంఘానికి అధ్యక్షుడిగా చేశారు, తరవాత ట్రస్టీల ఛైర్మన్‌గా చేశారు, ఆ తరవాత సంఘం చీలితే చీలిన ముక్కకు వ్యవస్థాపకులయ్యారు. నేను ఎక్కడికెళ్ళినా ప్రెసిడెంటుగారి మిసెస్‌ని. ముందు వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చుని చప్పట్లు కొట్టడం నా శాఖ. హంగరీ వాళ్ళిచ్చిన బ్యాడ్జీ మీద మాత్రం నా పేరొక్కటే ఉండేది. నన్ను ఉపాధ్యక్షురాలిని చేసిన రోజు ఆ బ్యాడ్జీ తియ్యకుండానే ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి కరివేపాకు కొనుక్కొచ్చాను. ఎవరూ అడగలేదు. అయినా పెట్టుకున్నాను.

ఒక వేసవిలో బ్రాంచి పిక్నిక్‌కి ఆయన్ను తీసుకెళ్ళాను. కొరివితో తల గోక్కోవడమంటే అదే. అప్పటి మా అధ్యక్షుడు బేలా పెద్ద కాగులో మాంసం పులుసు వండుతున్నాడు. బతుకంతా ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనిచేసిన మనిషి, మాట కటువు. ఆయన నవ్వితే ఆ సంగతి మినిట్స్‌లో రాయాలని ఇలోనా అనేది. పులుసు ఉడికేలోగా మా ఆయన అందరితో ఫోటోలు దిగారు, మైకు లేకపోయినా రెండు మాటలు మాట్లాడారు, సంఘం నియమావళిలో ఏమేం మార్చాలో బేలాకు చెప్పారు. ఆ నియమావళి మా ఆయన చదవనే లేదు. బేలా గరిటె తిప్పుతూనే, అందరికీ వినపడేట్టు, "ఈయన చాలా మాట్లాడతాడు" అన్నాడు.

తిరిగొస్తుంటే కార్లో మా ఆయన ఉత్సాహంగా ఉన్నారు.

"వీళ్ళకి ఒక విజన్ లేదు. నేనూ జాయిన్ అవుతాను. మన ఫ్రెండ్స్ అందరిచేతా పాలసీలు తీయిద్దాం. నువ్వింక స్ట్రెస్ పెట్టుకోకు, మీటింగుల్లో మాట్లాడేది నేను చూసుకుంటా."

ప్రేమగానే అన్నారు. అదే వచ్చిన చిక్కు.

పాలసీ ఎవరైనా కొనుక్కోవచ్చు కానీ మా బ్రాంచి మీటింగులో కూర్చోవాలంటే వోటు పడాలి. మిగతా బ్రాంచిలు ఈ పద్ధతి ఎప్పుడో మానేశాయట. మావాళ్ళు మానలేదు, ఆ పెట్టె అంటే వాళ్ళకంత ముచ్చట. పాత చెక్కపెట్టె, ముందువైపు చెయ్యి పట్టేంత కన్నం. లోపల ఒక అరలో తెల్ల గోళీలు, నల్ల పాచికలు కలిసి ఉంటాయి. తడిమి చూసుకుని ఒకటి తీసి వెనక అరలో వెయ్యాలి. గుండ్రంగా ఉన్నది తెల్లది, రానివ్వమని. పలకలుగా ఉన్నది నల్లది, వద్దని. ఒక్క నల్లది పడినా ఆ మనిషికి ప్రవేశం లేదు. ఎవరు ఏది వేశారో ఎవరూ అడగకూడదు, ఎవరూ చెప్పకూడదు. "నేను వెయ్యలేదు" అనడం కూడా నియమం తప్పడమే. నల్లది పడటం ఇలోనా తన జన్మలో చూడలేదట.

మొగుడి విషయంలో పెళ్ళాం వోటు వెయ్యకూడదని ఎక్కడైనా ఉందా అని నేను నియమావళి అంతా వెతికాను. లేదు. అసలు ఎందుకు వెతుకుతున్నానో అప్పుడే నన్ను నేను అడగాల్సింది.

ఆ రోజు ఆయన కొత్త టై కట్టుకుని, తొలి ప్రసంగం కాగితం జేబులో పెట్టుకుని, తలుపు బయట కుర్చీలో కూర్చున్నారు. నా వంతు వచ్చింది. చెయ్యి పెట్టాను. నేను బ్రాంచిని కాపాడుతున్నాననీ, ఈయన వస్తే ఇదీ రెండు ముక్కలవుతుందనీ, పాపం ఈ ముసలివాళ్ళు ఏమైపోతారోననీ ఆ క్షణంలో అనుకున్నట్టు ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. నేను అనుకున్నది ఒకటే. ఇది నాది.

ఇలోనా పెట్టె తెరిచింది. తెల్ల గోళీల మధ్య నల్లగా ఒకటి. అందరూ బేలా వైపు చూశారు. తరవాత నా వైపు జాలిగా చూశారు. ఇలోనా నా భుజం మీద చెయ్యి వేసింది. నాకు ఏడుపొచ్చింది. నిజం ఏడుపే. ఎందుకొచ్చిందో మాత్రం ఎవరూ అడగలేదు.

మా ఆయన ఆ తరవాత ప్రతి విందులోనూ ఆ కథ చెప్పారు. రేసిజం ఎలా ఉంటుందో కళ్ళారా చూశానని చెప్పేవారు. నేను పక్కన నిలబడి పప్పు వడ్డిస్తూ తలూపేదాన్ని. సంఘం మానేస్తానని ఒకసారి మాటవరసకు అన్నాను. "అస్సలు మానకు. లోపలుండి ఫైట్ చెయ్యి" అన్నారు. ఆయన మాట మీద ఉండిపోయాను. చూశారా, ఎంత వినయం గల భార్యనో?

తరవాతి మీటింగు అయ్యాక నేను వంటగదిలో కేకు ప్లేట్లు కడుగుతున్నాను. బేలా వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"సిస్టర్, రూల్ తప్పుతున్నాను. అది నేను వెయ్యలేదు."

"తెలుసు" అన్నాను.

"వేద్దామనే అనుకున్నాను. చెయ్యి లోపల పెట్టేదాకా అనుకున్నాను. అప్పుడు మీ ముఖం గుర్తొచ్చింది. తెల్లదే వేశాను."

"తెలుసు" అన్నాను మళ్ళీ.

"ఎలా తెలుసు?"

చెప్పాల్సిన చోటు అదే. కుళాయి పారుతోంది, చేతినిండా సబ్బు, గదిలో ఇంకెవరూ లేరు. ఒక్క మాట. అంతకన్నా మంచి అవకాశం దేవుడు కూడా ఇవ్వడు. నేనేం అన్నానో తెలుసా? "మీరు అలాంటి మనిషి కాదు" అన్నాను.

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఆయనకు భార్య అయి ఉండి, నన్ను నమ్మింది మీరొక్కరే" అన్నాడు.

నమ్మడానికి నాకేం కష్టం?

బేలా మాటకు మునుపటి విలువ లేకుండా పోయింది. ఎవరూ ఏమీ అనలేదు, అనకూడదు కదా. కేకు తినేటప్పుడు ఆయన బల్ల దగ్గర కుర్చీలు ఖాళీగా ఉండేవి. ఇలోనా ఆయన కోసం గసగసాల రొట్టె చివరి ముక్క దాచడం మానేసింది. కొన్నాళ్ళకు ఆయన సుత్తి బల్ల మీద పెట్టి, అందరూ నమ్మని మనిషి ఆ కుర్చీలో ఉండకూడదన్నాడు. నా పేరు ప్రతిపాదించింది ఆయనే. ఏకగ్రీవంగా నేను అధ్యక్షురాలినయ్యాను. ప్రతినిధిగా హోటల్లో సభలకు వెళ్ళాను, మెడలో పెద్ద బ్యాడ్జీ, పక్కన పేరున్న వాళ్ళంతా. సంతోషంగా ఉన్నానా? చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఉన్నాను. బేలా ఎదురుపడినప్పుడు తప్ప.

చెప్పకపోవడానికి నాకొక మంచి కారణం ఉండేది. నియమం ఒప్పుకోదు. అధ్యక్షురాలినై ఉండి నియమం ఎలా తప్పుతాను? ఎవరికైనా ద్రోహం చెయ్యాలంటే ఇంత పద్ధతిగల సంఘం మరొకటి దొరకదు.

ఈ చలికాలం బేలా మా ఇంటికి ఫోన్ చేశాడు. షుగరు వల్ల ఆయన వేళ్ళ చివర స్పర్శ పోయిందట. ఇది తెలియకుండానే చాలా ఏళ్ళ కిందట మొదలై ఉంటుందని డాక్టరు చెప్పాడట. బేలా రోజుల తరబడి ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాడు. ఆ రోజు ఆయన తీసింది గోళీ కాదు. పాచిక. వేళ్ళు మోసం చేశాయి. ఇన్నేళ్ళూ తనను అనుమానించిన వాళ్ళ మీద లోపల్లోపల కోపం పెట్టుకున్నాననీ, వాళ్ళ అనుమానమే నిజమనీ, అందరిముందూ క్షమాపణ చెప్పుకోవడానికి మీటింగులో సమయం ఇవ్వమనీ అడిగాడు.

"అలా ఎందుకనుకుంటారు" అన్నాను. అంతకన్నా గట్టిగా అనలేదు.

మీటింగు రోజు బేలా లేచాడు. వోటు సంగతి బయట పెట్టకూడదన్న నియమాన్ని ఆయన ఒక్కడి కోసం, ఆ ఒక్కరోజుకు సడలించాలని ముందు తీర్మానం చేశాం. బలపరిచారు, నెగ్గింది. ఆయన తన రెండు చేతులూ అందరికీ చూపించి, ఈ వేళ్ళు ఒక మంచి మనిషిని తలుపు బయట కూర్చోబెట్టాయని చెప్పి, నా వైపు తిరిగి, క్షమించమన్నాడు. ఇలోనా ఏడ్చేసింది. క్షమాపణ అంగీకరించాలని తీర్మానం పెట్టింది కూడా ఆవిడే.

ఇక నేను అడగాలి. అడిగాను. "ఎవరైనా వ్యతిరేకమా?"

అందరూ నా సుత్తి కోసం చూస్తున్నారు. నేను చాలాసేపు ఆగాను. మర్యాద కోసం ఆగాననుకున్నారు. నియమం సడలించింది బేలాకు గానీ నాకు కాదు కదా, అని నా బుర్ర అప్పుడు కూడా లా పాయింటు తీసింది. సుత్తి కొట్టాను. నా తప్పుకు ఆయన అడిగిన క్షమాపణను నేనే, పద్ధతి ప్రకారం, ఆయనకు మంజూరు చేశాను.

వెంటనే మా ఆయన ప్రవేశానికి మళ్ళీ వోటు పెట్టారు. ఈసారి తెల్లది వేశాను. పశ్చాత్తాపంతో అనుకోకండి. నల్లది పడితే మళ్ళీ బేలా మీదికే వస్తుందని భయం. లేకపోతే ఏం వేసేదాన్నో నాకు తెలుసు.

తలుపు తీసి మా ఆయన్ను పిలిచారు. సంగతి ముందే తెలిసి, ఆయన ఒక ఎర్ర శాలువా తెచ్చారు. బేలా భుజాల మీద కప్పి, రెండు చేతులూ పట్టుకుని, ఇంత పెద్ద మనసు నా జీవితంలో చూడలేదన్నారు. ఆయన మనస్ఫూర్తిగా మాట్లాడటం నేను చాలా కాలానికి విన్నాను. అరగంట మాట్లాడారు. ఎవరూ సుత్తి కొట్టలేదు, సుత్తి నా చేతిలోనే ఉంది. బేలా శాలువా సర్దుకుని నన్ను చూసి నవ్వాడు. బరువు దిగిపోయిన మనిషి నవ్వు. ఇలోనా నిజంగానే దాన్ని మినిట్స్‌లో రాసింది.

వచ్చే ఎన్నికల్లో మా ఆయన అధ్యక్షుడిగా నిలబడుతున్నారు. నిలబడనీ. నాకిప్పుడు ఆ కుర్చీ మీద మోజు లేదు. ఇది ఆయన కంట పడుతుందన్న భయం కూడా లేదు, తాను రాసినవి తప్ప ఆయన ఇంకేవీ చదవరు. మీరు నన్ను క్షమించక్కర్లేదు. నేను అడగను కూడా. ఒక మనిషి తాను చెయ్యని పనిని చేశానని నమ్మి, నా ముందు వేళ్ళు చాపి నిలబడ్డాడు. అది నిజం కాదని ఈ లోకంలో ఒక్కరికైనా తెలియాలి. అందుకు రాశాను.

నా వేళ్ళకు ఏ జబ్బూ లేదు. ముందు గోళీ తగిలింది. దాన్ని పక్కకు తోసి పాచికను వెతికి తీశాను.