మెహరున్నిసా మేడం అనుమానం

ఈ రోజు పొద్దున ఒక పెద్దాయన పాదానికి జెల్ రాసి డాప్లర్ ప్రోబ్ ఆనిస్తే, రక్తం పారే శబ్దం రాలేదు. ఏసీ చప్పుడొక్కటే వినిపించింది. అలాంటి నిశ్శబ్దం ఎదురైనప్పుడల్లా నాకు మెహరున్నిసా మేడం గుర్తొస్తారు.

డాక్టరుగా నా మొదటి ఉద్యోగం కర్నూలులో ఆవిడ స్కానింగ్ సెంటర్లోనే. అంత అనుమానపు మనిషిని నేనింకెక్కడా చూడలేదు. బీడీలు మానేశానని ఎవరైనా అంటే "యాడ, వేళ్లు చూపించప్పా" అనేవారు. నేను చూసిన ప్రతి కాలునూ రోగి ఎదుటే మళ్లీ తను చూసేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఏదో ఒక వంకతో నన్ను పంపించేయాలని చూస్తున్నారేమోనని నేనూ ఆవిడను అనుమానించేదాన్ని.

ఒకసారి కోడుమూరు నుంచి నాగన్న అనే వేరుశనగ రైతు వచ్చాడు. బొటనవేలు నల్లబడింది. పాదానికి రక్తమే అందడం లేదని వేరేచోట రిపోర్టు ఇచ్చారు. మోకాలి కింద కాలు తీసేయాలన్నారట. అతని భార్య మమ్మల్నీ నమ్మలేదు.

"మీరూ మీరూ ఒకటై చెప్తాండారేమో, ఎవురికి తెలుసు?" అంది.

"నమ్మొద్దులేమ్మా. నేనూ ఆ రిపోర్టును నమ్మల్యా" అన్నారు మేడం.

ప్రోబ్ పెట్టారు. శబ్దం లేదు. రిపోర్టు నిజమేననుకున్నాను. ఆవిడ మాత్రం తన చేతి వంకే గుర్రుగా చూసుకున్నారు.

"ఏసీ ఆపమ్మా. కాళ్లకు దుప్పటి కప్పు. నా చెయ్యి మీదనే నాకు అనుమానంగా ఉండాది. నేనే నొక్కేస్తాండానేమో."

చలికి రక్తనాళం ముడుచుకుంటుంది, గట్టిగా నొక్కితే మూసుకుపోతుంది. పాదం వెచ్చబడ్డాక, చేతి బరువు పడకుండా తన చిటికెనవేలు నాగన్న పాదం ఎముక మీద ఆనించి, ప్రోబ్‌ను జెల్ మీద తేలేటట్టు పట్టుకున్నారు. సన్నగా, నీరసంగా శబ్దం వచ్చింది.

"రక్తం పాదం దాకా పోతాండాది. ఇంత సన్నగా ఉండాదంటే పైన యాడో అడ్డం ఉండాది. దాన్ని తెరిపిస్తే కాలు నిలుస్తాది."

"ఇంగోసారి వినిపించు తల్లీ" అంది నాగన్న భార్య, అప్పటికీ నమ్మకం కుదరక. మేడం విసుక్కోకుండా మళ్లీ వినిపించారు. అడ్డం తొడలో దొరికింది. పెద్దాసుపత్రిలో దాన్ని తెరిచారు. వేలు పోయింది గానీ కాలు దక్కింది.

తన చేతినే నమ్మని మనిషి నా చేతిని ఎందుకు నమ్ముతుంది? ఆ రోజుతో నా ఉక్రోషం చల్లారింది. ఆవిడంటే ప్రేమ పుట్టింది కూడా అప్పుడే.

పొద్దున నేనూ ఏసీ ఆపించి, పెద్దాయన కాళ్లకు దుప్పటి కప్పించాను. కాసేపాగి నా చిటికెనవేలు ఆయన ఎముక మీద ఆనించాను.

"రక్తం ఆడడం ల్యాదా మేడం?" అన్నాడు పెద్దాయన కొడుకు.

"ఉండప్పా," అన్నాను, "ముందు నా చెయ్యి సంగతి చూడనీ."