బేరి చెట్టున్న ఇల్లు

చెక్ దేశపు సరిహద్దున ఉన్న ఆ చిన్న ఊళ్లో బస్సు దిగినవాళ్లెవరైనా బోహుమీర్ ముసలాయన నోటికి చిక్కాల్సిందే. చెరువు ఎవరు తవ్వించారో, చర్చి గంటను ఏ యుద్ధంలో కరిగించారో, వంతెన మీది రాతి సెయింటు ముక్కు ఎలా విరిగిందో చేతికర్రతో చూపిస్తూ ఏకరువు పెడతాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మన్లను ఊళ్లోంచి వెళ్లగొట్టి వాళ్ల ఇళ్లు చెక్ వాళ్లకు పంచిన ఏడాది దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయనకు దగ్గు తెర అడ్డుపడుతుంది. మొన్న సరిహద్దు అవతలినుంచి ఒక జర్మన్ ముసలామె వచ్చింది. ఆ చరిత్రంతా ఓపిగ్గా విని, వచ్చీరాని చెక్ భాషలో అడిగింది. "గోడకు పాకించిన బేరి చెట్టుండేదండీ మా ఇంటికి. నేను పుట్టిందక్కడే. ఎటువైపో కాస్త చూపిస్తారా?" బోహుమీర్ కర్ర చెరువు వైపు తిరిగింది. "అదా అమ్మా, ఆ గట్టు పక్కనుండేది. ఎప్పుడో కూలిపోయింది. చెట్టూ కొట్టేశారు." ఆమె గట్టు మీద చాలాసేపు నిలబడి, పిడికెడు మట్టి రుమాలులో మూటగట్టుకుని బస్సెక్కింది.

బోహుమీర్ ఇంటికొచ్చాడు. జర్మన్లను వెళ్లగొట్టిన ఆ ఏడాదే వాళ్ల నాన్నకు సర్కారు ఇచ్చిన ఇల్లది. ఆయన భార్య మిలుష నిచ్చెనెక్కి, గోడకు పాకిన చెట్టునుంచి బేరిపళ్లు కోస్తోంది.

"ఎవరయ్యా వచ్చింది?"

"ఎవరో ముసలామె. ఊరు చూసిపోదామని."

"అయ్యో, రెండు పళ్లు చేతిలో పెట్టి పంపకపోయావా," అంది మిలుష. "ఈ ఏడు విరగకాసింది."