తెరుచుకోని తలుపు, తెలియని డిప్లొమా

ఆ రోజుల్లో మెకానికల్ డిప్లొమా పాసైనవాడికి తెలియని యంత్రం ఉండేది కాదు. చేత్తో ముట్టుకున్న యంత్రం కూడా ఉండేది కాదు. ఆ కోవలో నేను అగ్రగణ్యుణ్ణి. తల్లాడలో మా మేనమామకు ఒక పాత కారుండేది. దాని వెనక కుడి తలుపును ఆయన ఎప్పుడో తీగతో కట్టేశాడు. ఎడమ తలుపుకు లోపలి పిడి విరిగింది కాబట్టి, దిగాలంటే అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, బయటి హ్యాండిల్ నొక్కాలి. (మామ లెక్కలో అది రిపేరు కాదు, అలవాటు.) సారపాకలో నాకు పెళ్లిచూపులున్న రోజు పొద్దున్నే ఆ బయటి హ్యాండిల్ కాస్తా వదులై ఊగడం మొదలుపెట్టింది.

"మెకానిక్‌ను పిలుస్త ఆగు" అన్నాడు మామ. "ఇంట్ల నేనుండంగ మెకానిక్ ఏంది మామా?" అన్నాను. అద్దం తిప్పే పిడి ఊడదీసి, తలుపు లోపలి అట్ట విప్పి, రెండు నట్లు తీస్తే హ్యాండిల్ చేతికొచ్చింది. కిరసనాయిలుతో కడిగి, మెరిసేలా తుడిచి, మళ్లీ బిగించాను. చివర్లో చిటికెనవేలి గోరంత క్లిప్పు ఒకటి మిగిలింది. తయారుచేసినవాళ్లు ఒకటి ఎక్కువ పెట్టుంటారనుకుని, వాళ్ల పెద్ద మనసును మెచ్చుకుంటూ జేబులో వేసుకున్నాను. తలుపు తెరిచే ఉంచి హ్యాండిల్ నొక్కి చూశాను. హాయిగా కదిలింది. (దేనికీ తగిలించకపోతే ఏదైనా హాయిగానే కదులుతుందని మాకు పాఠాల్లో చెప్పలేదు.)

వెనక సీట్లో అమ్మ, అత్త, నేను. వేళ దాటుతుందని అమ్మ దారిలో ఎక్కడా ఆగనివ్వలేదు. పిల్ల తండ్రి కాగితం మిల్లులో ఫోర్‌మన్. క్వార్టర్ ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. నేను చెయ్యి బయటపెట్టి నొక్కాను. మళ్లీ నొక్కాను. "దిగవేందిరా?" అంది అమ్మ. మామ దిగి బయటి నుంచి నొక్కాడు, ఫోర్‌మన్ గారు నొక్కారు. "ముందు సీటు మీదికెళ్లి దూకుర్రి" అన్నాడు మామ. "పెండ్లికొడుకు సీటు దూకుతడా? మన పరువేంగాను?" అంది అమ్మ. (అప్పటికే చుట్టుపక్కల క్వార్టర్లవాళ్లంతా బయటికొచ్చి ఆ పరువునే చూస్తున్నారు.)

దాంతో కాఫీలు కిటికీలోంచి వచ్చాయి. పిల్ల కూడా కిటికీ దగ్గరికే వచ్చింది. అమ్మ నా మీదుగా వంగి తల బయటపెట్టి, "పేరేంది బిడ్డా?" అని మొదలుపెట్టింది. ఆమె పేరు చెప్పి, నావైపు కాకుండా హ్యాండిల్ వైపు చూసింది.

"దీన్ని ఎవరన్న విప్పిన్రా?"

"నేనే" అన్నాను, డిప్లొమా అంతా గొంతులోకి తెచ్చుకుని.

"ఏమన్న మిగిలిందా?"

జేబులోంచి క్లిప్పు తీసి చూపించాను. ఆమె నవ్వలేదు, అదే నన్ను చంపేసింది. తండ్రి చేత స్క్రూడ్రైవర్ తెప్పించి లోపలికిచ్చి, "అట్ట తీయండి. లోపల ఒక కడ్డీ ఏలాడుతుంటది. దాన్ని హ్యాండిల్‌కు తగిలించి, ఊడకుండ గా క్లిప్పు పెట్టండి" అంది. పెట్టాను. తలుపు తెరుచుకుంది. క్వార్టర్లన్నీ చప్పట్లు కొట్టాయి. కాలు కింద పెడుతూనే అమ్మ, "ఈ పిల్లే నా కోడలు" అని ప్రకటించింది.

వారానికి, వాళ్లు సంబంధం వద్దన్నారని మామ కబురు తెచ్చాడు. "అబ్బాయి మంచోడేనంట. కాకపోతే, తెల్వదని చెప్పుడు తెల్వదంట." అమ్మకు నెల రోజులు కోపం. నాకు ఇంకొంచెం ఎక్కువ రోజులే. తర్వాత ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెద్ద పంపు ముందు నిలబెట్టి విప్పమన్నప్పుడు, "నాకు తెల్వదు సార్, చూపించండి" అన్నాను. ఆ ముక్క నోట్లోంచి ఊడిరావడానికి పెట్టినంత కష్టం ఏ నట్టూ పెట్టలేదు.

పౌడరు పూసుకుని, కాఫీ గ్లాసు పట్టుకుని, కారులో బందీగా కూర్చున్న ఆ కుర్రాడు గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. ఆమె ఎక్కడుందో, ఎలా ఉందో నాకు తెలియదు. (చూశారా, ఎంత సులువుగా అనేశానో!)