పెళ్ళి సీడీ మీద పసుపు చుక్క

విడిపోయినవాళ్ళ పెళ్ళి సీడీని ఏం చెయ్యాలి? చాలా ఏళ్ళుగా నాతో తిరుగుతున్న ప్రశ్న ఇది. పోయిన నెల బందరు నుంచి పిన్నిగారు ఫోను చేశారు. "మీ మాస్టారు వెళ్ళిపోయారమ్మాయ్. కాఫీ తాగి, పేపరు తిరగేస్తూ కుర్చీలోనే తల వాల్చేశారు. ఒక్క పూట కూడా ఎవరిచేతా చేయించుకోలేదు." ఏడుపు కన్నా ముందు నాకు నిమ్మళంగా అనిపించింది. మంచాన పడతానేమోనని ఆయనకి ఎంత భయమో నాకు తెలుసు. ఆ వెనకే పాత ప్రశ్న మళ్ళీ వచ్చి కూర్చుంది.

ఆయన మా బళ్ళో డ్రాయింగు మాస్టారు. ఆయనా, ఆయన భార్య పిన్నిగారూ బందరులో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు. రిటైరయ్యాక సీడీల మీద నేరుగా బొమ్మ వేసే ఇంకు ప్రింటరు ఒకటి కొన్నారు. అంతకుముందు పెళ్ళి వీడియోల వాళ్ళు సీడీకి కాగితం స్టిక్కరు అంటించేవారు. మా ఉప్పుగాలికి అది అంచుల్లో లేచిపోయి ప్లేయరులో ఇరుక్కునేది. మాస్టారు తెల్ల సీడీని ట్రేలో పెట్టి లోపలికి తోస్తే పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ రంగుల్లో బయటికొచ్చేవారు. గూడూరు నుంచీ పామర్రు నుంచీ కూడా పట్టుకొచ్చేవాళ్ళు.

రంగు ఆరడమే కష్టం. వానాకాలంలో ముట్టుకుంటే వేలికి వచ్చేసేది. అందుకని ఇంట్లో ఉన్న స్టీలు గ్లాసులన్నీ బోర్లించి, ఒక్కో గ్లాసు మీద ఒక్కో సీడీ ఆరబెట్టేవారు. "కాఫీ పోద్దామంటే గ్లాసు లేదు. అన్నిటి నెత్తినా పెళ్ళికూతుళ్ళే!" అని వంటింట్లోంచి పిన్నిగారి కేక. "వాళ్ళు ఆరేదాకా చెంబుతో తాగుతాలేవే," అనేవారు ఈయన.

ఒకసారి ఎవరో పెద్దాయన, శుభలేఖకి రాసినట్టు, ఖాళీ సీడీకి నాలుగు వైపులా పసుపు రాసి తెచ్చారు. మాస్టారు చూసుకోకుండా ట్రేలో పెట్టేశారు. ఆ తర్వాత ప్రింటరు ఏం వేసినా పచ్చగానే వచ్చింది. "దానికి కామెర్లండీ. పసరు మందు పోయించండి," అన్నారు పిన్నిగారు. అప్పట్నుంచి ప్రతి పెళ్ళి సీడీకీ అంచున నాలుగు పసుపు చుక్కలు ఆయనే ఇంకుతో వేసి ఇచ్చేవారు.

బొమ్మ సర్దేటప్పుడు ఆయనకి ఒకటే పట్టింపు, మధ్య చిల్లు ఎవరి మొహం మీదా పడకూడదు. "చిల్లు ఉంటుందని ముందే తెలుసు కదమ్మా. దాని చుట్టూ సర్దుకోవాలి." నా పెళ్ళి సీడీలో ఆ చిల్లుని మా ఇద్దరి భుజాల మధ్యకి తెచ్చారు.

ఆ పెళ్ళి ఎక్కువ కాలం నిలవలేదు. ఈలోగా అమ్మ పోయింది. గుడివాడలో ఉద్యోగం చూసుకుని ఒక్కదాన్నే గది తీసుకున్నాక, సామాన్లలో సీడీ బయటపడింది. మా మేనత్త చూసి, "ఇంకా దాచావా? విరిచి కాలవలో పారెయ్," అంది. విరవలేకపోయాను. హారతి పాట పాడుతున్న అమ్మ అందులో ఉంది. అమ్మ గొంతు మరెక్కడా లేదు. అలాగని పైన ఆ బొమ్మ చూస్తూ ప్లేయరులో పెట్టనూ లేకపోయాను.

పామర్రులో బస్సు మారి, బందరు వెళ్ళి, మాస్టారి చేతిలో పెట్టాను.

"అమ్మ పాట ఒక్కటీ వేరే దాంట్లోకి తియ్యగలరా మాస్టారూ?"

"కొయ్యడం నాకు రాదమ్మా. పైన బొమ్మెయ్యడమే వచ్చు."

"పోనీ దీని మీద ఇంకో బొమ్మ?"

"కింది మొహాలు పైకి కనపడతాయి. దయ్యాల్లా ఉంటాయి." సీడీని కాసేపు వెలుతురుకి పెట్టి చూశారు. "తుడిచి చూడొచ్చు. కానీ సీడీకి ప్రాణం ఈ రంగు కిందే ఉంటుంది. గట్టిగా రుద్దితే మీ అమ్మ కూడా పోతుంది. ఏమంటావు?"

"ఆ పిల్లని అడుగుతారేంటండీ! మెల్లిగా తుడవండి," అన్నారు పిన్నిగారు.

పాత పంచె ముక్క తడిపి, గట్టిగా పిండి, చిల్లు దగ్గర్నుంచి అంచుకి కొంచెం కొంచెంగా తుడిచారు. గుడ్డకి ముందు నా చీర ఎరుపు అంటింది, తర్వాత అతని సూటు నీలం. కాసేపటికి మొహాలు లేవు. ఒక గ్లాసు బోర్లించి దాని మీద పెట్టారు. "ఇప్పుడిది ఎవరి పెళ్ళీ కాదు. అమ్మ ఫొటో తెచ్చుకో, వేసిస్తా."

గుడివాడ తిరిగొచ్చి, ప్లేయరులో పెట్టి కూర్చున్నాను. ఆడింది. అమ్మ హారతి పళ్ళెం పట్టుకుని పాడుతూ రెండో చరణం మర్చిపోయి, పక్కావిడని మోచేత్తో పొడిచి అడిగి, నవ్వి, మళ్ళీ అందుకుంది. ఎదురుగా పీటల మీద కూర్చున్న ఇద్దరినీ కూడా చూడగలిగాను. ఎవరో పిల్లల్లా ఉన్నారు. ఆ పూట, చాలా రోజుల తర్వాత, కడుపునిండా అన్నం తిన్నాను.

అమ్మ ఫొటో మటుకు పట్టుకెళ్ళలేదు. వెళ్ళినప్పుడల్లా "తెచ్చావా?" అనేవారు. "ఈసారి తెస్తానండీ," అనేదాన్ని. సీడీలు చూసేవాళ్ళు లేకుండా పోయారు, ప్రింటరు మూలపడింది, ఆయన అడగడం మాత్రం మానలేదు. "తెల్లగా ఉంటే మటుకు తప్పేముందిలే," అని మళ్ళీ ఆయనే అనేవారు.

పదో రోజుకి వెళ్ళాను. పిన్నిగారు కాఫీ చేతికిచ్చి, "ఇప్పుడు ఇంటినిండా గ్లాసులేనే అమ్మాయ్," అన్నారు. ఇద్దరం నవ్వాం. నవ్వు ఎక్కడ ఏడుపైందో తెలియలేదు.

అమ్మ పాట ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో కూడా ఉంది. సీడీని విరిచినా ఏమీ పోదు. అయినా విరవాలో, ఎక్కడైనా వెతికి అమ్మ బొమ్మ వేయించాలో, ఇలా తెల్లగానే ఉంచాలో నాకు ఇప్పటికీ తేలలేదు. అంచున నాలుగు పసుపు చుక్కల్లో ఒకటి మిగిలిపోయి ఉంది. తుడిచినా రాక వదిలేశారో, కావాలనే వదిలేశారో ఆయన్ని ఎన్నడూ అడగలేదు.

నిన్న పొద్దున స్టీలు గ్లాసు ఒకటి బోర్లించి, సీడీని దాని మీద పెట్టాను. కిటికీ వెలుతురులో తెల్లగా, ఓ పక్కన ఆ చుక్కతో, ఇంకా ఆరుతున్నట్టే ఉంది.