మూఢానికి ముందే చేయించిన ప్రమాణం

అరిజోనాలో చాండ్లర్‌కి అరగంట దూరంలోని ఒక చిన్న ఊరి సిటీ హాల్లో గ్రాంట్స్ కోఆర్డినేటర్‌గా నా చివరి ఏడాది. సెప్టెంబరు నెల. ఫెడరల్ నిధులకు ఊరి తరఫున దరఖాస్తు పెట్టడం, అవి వచ్చాక షరతులు తప్పకుండా చూడడం నా ఉద్యోగం. ఆ ఏడు అదనంగా ఒక పోలీసు ఆఫీసర్‌ని పెట్టుకోవడానికి మూడేళ్ల జీతం మంజూరైంది.

ఆ గ్రాంటు ప్రాణమంతా ఒక్క షరతులో ఉంది. డబ్బు కొత్తగా వచ్చే మనిషికే చెల్లుతుంది. మంజూరు అమల్లోకి వచ్చే తేదీకి ఒక్కరోజు ముందు చేరినా, ఆ మనిషి జీతం ఊరే భరించాలి. ఈ మాట పక్క ఊళ్ల ఉద్యోగులకు పాఠం చెప్పినట్టు చెప్పేవాణ్ణి.

ఎంపికైంది మరియా. స్కూల్ బస్ డ్రైవర్ పని మానేసి పోలీసు అకాడెమీ పూర్తి చేసింది, ఇద్దరు పిల్లల తల్లి. ఉద్యోగంలో చేరే ప్రమాణం ఏ రోజు పెట్టుకుందామని పోలీసు చీఫ్ అడిగాడు. అప్పుడే వాన వెలిసింది. తడిసిన ఎడారి పొదల వాసన కిటికీలోంచి వస్తోంది, కొండలు ఊదారంగులో కరిగిపోతున్నాయి. ఆ మత్తులో ఫోన్‌లో పంచాంగం తెరిచాను. శనివారం నుంచి మూఢం. గురువారం దివ్యంగా ఉంది, అదే చెప్పాను. ఆ సాయంత్రం మా ఆవిడ సరళ నవ్వింది. “ఏమండీ, ఆఫీస్‌లో కూడా ముహూర్తాలు ఫిక్స్ చేస్తున్నారా?”

గురువారం మరియా చెయ్యెత్తి ప్రమాణం చేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అంతా కలలో జరిగినట్టే గుర్తుంది. మంజూరు అమల్లోకి వచ్చింది మాత్రం ఆ తర్వాతి సోమవారం.

వారం తర్వాత ఫారం నింపుతుంటే రెండు తేదీలూ పక్కపక్కన కనిపించాయి. సిగ్గుపడుతూనే ఆ ఫారం పట్టుకుని చీఫ్ గదికి వెళ్లాను. చీఫ్ తలుపు వేసి, ఆ నాలుగు రోజులూ కాగితం మీద సర్దేద్దాం, ఎవరు చూస్తారన్నాడు. ఒక పూటంతా సరే అనాలనే అనిపించింది. చివరికి జరిగింది జరిగినట్టు వాషింగ్టన్‌లోని గ్రాంటు ఆఫీసుకి రాశాను.

జవాబు మర్యాదగానే వచ్చింది. గ్రాంటు ఉంటుంది, దానిమీద మరొకరిని తీసుకోవచ్చు, మరియాకి మాత్రం చెల్లదు. ఊరి బడ్జెట్‌లో ఆమెకి చోటు లేదు, తీసేయడమే దారి అన్నారు కౌన్సిల్‌లో. మరియా వెనక వరసలో కూర్చుని ఉంది. నేను లేచి, ఇంకో రెండేళ్లు చేద్దామనుకున్న నా ఉద్యోగం వదులుకుంటాను, నా జీతం ఆమెకి మార్చండి అన్నాను. తప్పు నాది కనక ఎవరూ వద్దనలేదు.

ఆమె ఇప్పటికీ అక్కడే డ్యూటీ చేస్తోంది. నా కుర్చీలో ఎవరినీ వేయలేదు, ఆ ఊరు మళ్లీ గ్రాంటుకి దరఖాస్తు పెట్టలేదు. తెలియని షరతుల్ని నేనెప్పుడూ రెండుసార్లు చదివేవాణ్ణి. తప్పింది మాత్రం నాకు కంఠతా వచ్చిన షరతు దగ్గరే.