డీ డ్రైవ్‌లో దాచిన డ్రాయింగులు

ఆ కంప్యూటర్‌లోకి వైరస్‌ను తెచ్చింది నేను. ఈ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. ఆ వారం పేజీలు తీస్తే వాన గురించి ఉంది, చెల్లెలి జ్వరం గురించి ఉంది, లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం చివరి పేజీలు చినిగి ఉన్నాయన్న బాధ కూడా ఉంది. వైరస్ గురించి ఒక్క ముక్క లేదు.

నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న షెడ్డు. అక్కడ డైలు చేసేవాళ్లు. ఇనుప రేకును కత్తిరించి, వంచి ఒక ఆకారానికి తెచ్చే ఉక్కు అచ్చును డై అంటారు. గ్యాస్ స్టవ్ కాళ్ల నుంచి ఫ్యాన్ కప్పుల దాకా అలాంటి అచ్చుల్లోంచే వస్తాయి. నేను కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరేటప్పటికి నాకు ఇరవై ఏళ్లు. ఉప్పల్‌లో మా ఇంటి నుంచి షేర్ ఆటోలో వెళ్లేదాన్ని. షెడ్డు మొత్తానికి ఆడపిల్లను నేనొక్కదాన్నే. నలుగురిలో నోరు తెరవడం నాకు చేతకాదు. గాజు తలుపు వెనక ఉన్న ఆ చిన్న గది నాకు సరిగ్గా సరిపోయింది.

ఆ గదిలో నాతో పాటు కూర్చునేది మాస్టర్. చిన్నా పెద్దా అందరూ ఆయన్ను అలాగే పిలిచేవాళ్లు. యాభై దాటిన మనిషి, అంబర్‌పేట్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. షెడ్డు పెట్టిన రోజు నుంచి ప్రతి డైకి డ్రాయింగ్ గీసింది ఆయనే. పెన్సిల్‌తో గీసి, ట్రేసింగ్ కాగితం మీద ఇంకుతో దిద్ది, చుట్ట చుట్టి రేకు గొట్టాల్లో దాచేవారు. పాత కస్టమర్ ఎవరైనా వచ్చి, డై అరిగిపోయింది, అలాంటిదే ఇంకొకటి కావాలి అంటే, గొట్టం తెరిచి డ్రాయింగ్ బయటికి తీసేవారు. షెడ్డుకు వచ్చే పనిలో సగానికి పైగా అదే. షెడ్డు నడిచినా, మాస్టర్ ఉద్యోగం నిలిచినా ఆ గొట్టాల మీదే.

నన్ను తీసుకున్నది ఆ డ్రాయింగులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి. రెండేళ్లు పట్టింది. ఆయన కాగితం పరిచి కొలతలు చెప్పేవారు, నేను తెర మీద గీసేదాన్ని. కొన్నాళ్లకు మౌస్ తానే పట్టుకోవడం మొదలుపెట్టారు. అప్పటికే ఆయన కుడిచెయ్యి కొద్దిగా వణికేది.

"ఇది మంచిగుంది బిడ్డా," అన్నారు ఒకరోజు. "చెయ్యి వణికినా గీత వణకది."

జేబులో దారానికి కట్టిన నీలం పెన్‌డ్రైవ్ ఒకటి ఉండేది ఆయనకు. అందులో వాళ్ల చర్చి పాటలు. వారానికోసారి దాన్ని కంప్యూటర్‌కు పెట్టి, చిన్నగా పాటలు పెట్టుకుని పని చేసుకునేవారు. "బయటి పెన్‌డ్రైవ్‌లు పెట్టరాదు" అన్న కాగితం మానిటర్‌కు అంటించి ఉండేది. షెడ్డు యజమాని సేటు చెబితే అది రాసింది నేనే. మాస్టర్ పాటల విషయంలో ఆ కాగితాన్ని ఎవరూ పట్టించుకోలేదు. సేటే అప్పుడప్పుడు తలుపు తీసి, "జర సౌండ్ పెంచు మాస్టర్, మేం గూడ పుణ్యం గట్టుకుంటం," అనేవాడు.

నాకూ ఒక పెన్‌డ్రైవ్ ఉండేది. ఎర్రది. టిఫిన్ సంచి అడుగున, చేతిరుమాలులో చుట్టి పెట్టుకునేదాన్ని. మధ్యాహ్నం మాస్టర్ బయట చెట్టు కింద అన్నం తినడానికి పోయినప్పుడు నేను కథలు టైప్ చేసేదాన్ని. కంపెనీ నోటీసుల కోసం వేయించిన తెలుగు సాఫ్ట్‌వేర్ ఆ కంప్యూటర్‌లో ఉంది. కథలు రాస్తానని ఇంట్లో తెలియదు, షెడ్డులో తెలియదు. తెలిస్తే నవ్వుతారన్న భయం తప్ప ఇంకే కారణమూ లేదు.

కంప్యూటర్ జాగ్రత్తల విషయంలో మా షెడ్డు వెనకబడి ఉందని మేమెవరం అనుకోలేదు. ఉప్పల్ నుంచి మెకానిక్ అన్న ఒకాయన బండి మీద వచ్చేవాడు. సంచి నిండా సీడీలు. ఆయన మాకు ఒక సూత్రం నేర్పాడు.

"మేడం, ఏమన్న అయితే సీ డ్రైవ్‌కే అయితది. ఫార్మాట్ కొట్టినా సీ నే కొడ్తం. డీ సేఫ్. కండ్లు మూస్కొని కాపీలు డీ ల వెయ్యి."

మేం కళ్లు మూసుకునే వేశాం. ప్రతి శనివారం సాయంత్రం డ్రాయింగులన్నీ సీ నుంచి డీ లోకి కాపీ చేసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టేదాన్ని. సీ అంటే వీధి గది, డీ అంటే బీరువా ఉన్న లోపలి గది అన్నట్టు ఉండేది మా లెక్క. రెండూ ఒకే డబ్బాలో, ఒకే హార్డ్ డిస్కు బిళ్ల మీద గీసిన గీతకు అటూ ఇటూ అని మాకు తట్టలేదు. యాంటీవైరస్ గడువు తీరి చాలా నెలలైంది. రోజూ పొద్దున తెర మూలన హెచ్చరికతో ఎర్ర పెట్టె ఒకటి టింగుమని వచ్చేది. నేను దాని ఇంటూ గుర్తు మీద నొక్కి మూసేదాన్ని.

"ఏంది బిడ్డా అది, రోజు వొర్రుతది?" అని మాస్టర్ అడిగితే, "ఏం లేదు సార్, గట్లనే వస్తది," అన్నాను.

ఆ ఏడు దసరాకు ముందు షెడ్డు దులిపారు. సేటు రేకు గొట్టాల ముందు నిలబడ్డాడు.

"అన్నీ కంప్యూటర్ల ఎక్కినయి గద, ఇంక గివెందుకు? ఎలుకలను సాదనీకా?"

"ఉండనియ్ సేటు. అవేమన్న అన్నం తింటున్నయా?"

"జాగ తింటున్నయి మాస్టర్."

పాత సామాను కొనే బండి మీద అవన్నీ పోయాయి. మాస్టర్ గేటు దాకా నడిచి, బండి మలుపు తిరిగేదాకా చూసి వచ్చారు. మర్నాడు ఆయుధపూజ. లేత్ మిషన్‌కు, ప్రెస్‌కు పెట్టినట్టే కంప్యూటర్ డబ్బాకూ పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాం. దాని ముందు నిమ్మకాయ కోశారు.

పండుగ అయిన కొన్ని వారాలకు నేను మొదటిసారి ఒక కథను పత్రికకు పంపాలనుకున్నాను. ఆదివారం ఉప్పల్‌లో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి పెన్‌డ్రైవ్ ఇచ్చి ప్రింట్ తీయించుకున్నాను. అక్కడి కంప్యూటర్‌కు రోజుకు ఎంతమంది పెన్‌డ్రైవ్‌లు తగులుతాయో ఆలోచించలేదు. సోమవారం మధ్యాహ్నం ఆఫీసులో దాన్ని పెట్టాను. కథల ఫోల్డర్ మీద చిన్న బాణం గుర్తు కనబడింది. నొక్కాను. ఏమీ తెరుచుకోలేదు. ఇంకోసారి నొక్కాను.

మంగళవారం పొద్దుటికి డ్రాయింగుల ఫోల్డర్లన్నిటి మీదా అదే బాణం ఉంది. ఏది తెరిచినా ఖాళీ. డీ తెరిచాను. అక్కడా అంతే.

మెకానిక్ అన్న వచ్చి చాలాసేపు చూశాడు. "మస్తు ముదిరింది సేటు. డబ్బా రెండు దినాలు నా దగ్గర ఇడ్సిపెట్టున్రి. మా ఉస్తాద్‌కు చూపిస్త. ఏం పెన్‌డ్రైవ్ పెట్టిన్రో, ఎప్పుడు పెట్టిన్రో గూడ బయట పడ్తది. లేకుంటే ఇప్పుడే ఫార్మాట్ కొడ్త, గంటల మంచిగైతది. గాని డీ గూడ కొట్టాలె, లేకుంటే మళ్ల అంటుకుంటది."

"ఆగున్రి జర," అన్నారు మాస్టర్. "ఉస్తాద్‌కే చూపిద్దాం. రెండు దినాలల్ల కొంపలేం మునుగయి."

సేటు నావైపు తిరిగాడు. "నువ్వేమంటవమ్మా? రోజు దాని ముంగట కూసునేది నువ్వే."

ఆ షెడ్డులో అంతకు ముందు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఏం పెన్‌డ్రైవ్, ఎప్పుడు అన్న మాటలే చెవుల్లో తిరుగుతున్నాయి. అన్నీ ఎలాగూ పోయాయి, రెండు రోజులు ఆగితే నేను దొరికిపోవడం తప్ప ఇంకేం జరుగుతుంది అనుకున్నాను.

"కొట్టిద్దాం సార్," అన్నాను. "ఎట్లాగూ ఏం మిగల్లేదు కదా."

కొట్టాడు. గంటలో కంప్యూటర్ కొత్తదానిలా తెరుచుకుంది, పచ్చని కొండ బొమ్మతో. అందులో ఇక ఏమీ లేదు. నాకు ఊపిరి ఆడింది. ఇది కూడా రాయాలి. ఆ క్షణంలో నాకు కలిగింది బాధ కాదు.

సేటుకు మాత్రం అప్పుడే సంగతి అర్థమైనట్టుంది. "అసలు ఎట్లొచ్చింది?" అన్నాడు.

"పెన్‌డ్రైవ్‌లకెల్లే వస్తది సేటు," అన్నాడు మెకానిక్ అన్న.

అందరి చూపూ మాస్టర్ చొక్కా జేబు మీద పడింది. నీలం పెన్‌డ్రైవ్ దారం బయటికి వేలాడుతోంది.

"పాటలు పాటలనుకుంట అందరి నోట్ల మన్ను గొట్టినవ్ గద మాస్టర్!"

"నేను పోయిన వారం నుంచి పెట్టనే లేదు సేటు. కావాలంటే పిల్లనడుగు. నా పక్కనే ఉంటది."

"పెట్టలేదామ్మా?"

పెట్టలేదు. స్పీకర్ పాడైతే ఆయన పది రోజులుగా పాటలు మానేశారు. నాకు బాగా తెలుసు.

"నాకు గుర్తు లేదు సార్," అన్నాను.

మాస్టర్ నావైపు ఒకసారి చూసి, పెన్‌డ్రైవ్ దారాన్ని జేబులోకి తోసుకున్నారు. మర్నాటి నుంచి తెల్ల కాగితాలు ముందేసుకుని, పాత డైలను జ్ఞాపకం మీద గీయడం మొదలుపెట్టారు. కళ్లు మూసుకుని కొలత గుర్తు తెచ్చుకునేవారు, వేళ్లతో గాలిలో కొలిచేవారు. వణికే చెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని గీసేవారు. నలభై దాకా అలా గీశారు. అందులో ఒకదానికి రెండు రంధ్రాల మధ్య కొలత వెంట్రుకంత తప్పింది. దాన్ని బట్టి చేసిన డై ప్రెస్ కింద మొదటి దెబ్బకే పగిలింది. ముక్క ఎగిరి మిషన్ మీదున్నాయన భుజానికి తగిలింది. ఆ కస్టమర్ మళ్లీ రాలేదు. ఆ నెలాఖరున సేటు మాస్టర్‌ను రావద్దన్నాడు. ఆయన స్కేలు, కంపాస్ పెట్టె, టిఫిన్ డబ్బా సర్దుకుని, కుర్చీ బల్ల కిందికి తోసి వెళ్లిపోయారు. ఏడాది తిరక్కుండా నేనూ మానేశాను. ఆ తర్వాత షెడ్డు మూతపడిందని విన్నాను.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఇంకో ఉద్యోగం కోసం హార్డ్‌వేర్ కోర్సులో చేరాను. ఒకరోజు క్లాసులో సార్, పాడైన పెన్‌డ్రైవ్‌లుంటే తెమ్మన్నారు. ఎర్రది తీసుకుపోయాను. ఆయన నల్ల తెర తెరిచి ఒక్క వరుస టైప్ చేశారు. నా కథలన్నీ తిరిగి వచ్చాయి, ఒక్క అక్షరం చెదరకుండా.

"ఈ వైరస్ ఏదీ తుడిచెయ్యది," అన్నారు సార్. "దాచిపెడ్తది అంతే. భయపడి ఫార్మాట్ కొడ్తరు సూడు, గప్పుడు పోతయి."

క్లాసులో అందరూ నవ్వారు. డ్రాయింగులు ఆ రోజు ఆ డబ్బాలోనే ఉన్నాయి. మాస్టర్ అడిగిన ఆ రెండు రోజులు ఇచ్చి ఉంటే దొరికేవి.

ఇప్పుడు నాచారంలోనే మూడు చిన్న కంపెనీలకు కంప్యూటర్లు చూస్తున్నాను. మాట్లాడటం ఇప్పటికీ కష్టమే గానీ కొన్ని మాటలు ప్రతి సేటుకూ మొహం మీదే చెబుతాను. కాపీ అంటే ఆ డబ్బాలో ఉండేది కాదు. వేరే డిస్కులో వేసి, శనివారం ఇంటికి పట్టుకుపోవాలి. కాపీ వేశాక దాంట్లోంచి ఏదో ఒక ఫైలు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి, తెరుచుకోనిది కాపీ కాదు. పెన్‌డ్రైవ్ ఎవరిదైనా సరే, మనదైనా సరే, స్కాన్ చేయకుండా తెరవకూడదు. ఎర్ర పెట్టె వస్తే మూసేయకుండా చదవాలి. ఏదైనా పోయిందనిపిస్తే ముందు కంప్యూటర్ ఆపేసి కూర్చోవాలి, ఎవరెంత తొందరపెట్టినా ఫార్మాట్ మాట ఎత్తకూడదు. ఇంకొకటి కూడా చెబుతాను: తప్పు చేసినవాళ్లు వచ్చి చెప్పుకుంటే తిట్టకండి సార్, తిడతారనుకుంటే ఎవరూ చెప్పరు. ఈ చివరి మాటకు సేటులు నవ్వుతారు.

మాస్టర్‌ను ఇంకొక్కసారే చూశాను. రాష్ట్రం వచ్చిన ఏడాది. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు లేచి, రోడ్డంతా తవ్వి రేకులు అడ్డం పెట్టి ఉంది. ఆ దుమ్ములో బస్సు కోసం నిలబడి ఉన్నారు. వాచ్‌మన్ వేసుకునే నీలం చొక్కా, చేతిలో టిఫిన్ డబ్బా. డబ్బా మూత సన్నగా చప్పుడు చేస్తోంది, ఆ చెయ్యి అంతగా వణుకుతోంది. బోడుప్పల్‌లో ఒక అపార్ట్‌మెంట్ దగ్గర కాపలా ఉంటున్నానని చెప్పారు. మా అమ్మ ఎట్లుందని అడిగారు. ఎన్నిసార్లు మనసులో రాసుకున్న వాక్యమో, ఇంకొక్క నిమిషం పోతే నోట్లోంచి రాదనిపించింది.

"సార్, ఆ రోజు కంప్యూటర్‌కు..." అన్నాను. అక్కడే ఆగిపోయాను.

బోడుప్పల్ బస్సు వచ్చి ఆగింది. ఆయన కడ్డీ పట్టుకుని మెట్టెక్కి, నావైపు తిరిగారు.

"ఆ ఎర్రది నీదే అని నాకెర్కనే బిడ్డా. తలుపు అద్దంలకెల్లి పెట్టంగ సూసిన. నువ్వే సెప్తవని మస్తు దినాలు సూసిన. సరే, రోడ్డంత తవ్విన్రు, జర సూస్కోని దాటు."